బస్సు నీది, మనుషులు నావాళ్ళు

భీమునిపట్నం,
18 జూన్ 2023

బావా,

వాట్సాప్‌లో రెండు ముక్కలు కొట్టకుండా మెయిల్‌లో ఇంత పొడుగు ఉత్తరమేమిటని హడలిపోకు. మా ఇంట్లో నా ఫోను ఊరందరిదీ. మొన్న నువ్వు పంపిన మెసేజిని అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివి, "క్రాష్ అయిపోనాదంటన్నాడేటే, బండి మీద నుంచి గాని పడ్డాడేటే సంకరు?" అని అప్పటికప్పుడు దువ్వాడలో అత్తకి ఫోను చేసేసింది. పాపం అత్త ఏడుపొక్కటే తక్కువ. మెయిల్ మాత్రం మనవాళ్ళెవరూ తెరవరు. ఇక మీదట ఆట సంగతులన్నీ ఇందులోనే.

ఆఫీసులో నా పక్క సీటావిడ "మీ బావా నువ్వూ కలిసి ఏదో గేమ్ చేస్తున్నారట, ఎవరేం చేస్తారే" అని అడిగింది. ఇలా చెప్పాను. భీమిలి నుంచి వైజాగు వెళ్ళే బస్సు, ఆడేవాడే కండక్టరు. మా బావ సి++లో ఇంజిన్ రాస్తాడు. బస్సు, రోడ్డు, సముద్రం, వాన అన్నీ వాడివి. దాన్ని కంపైల్ చేస్తే గట్టిపడిపోతుంది, ఇక ఎవరూ విప్పి చూడలేరు, ఏం మార్చాలన్నా మళ్ళీ వాడే కట్టాలి. నేను దాని మీద లువా అనే చిన్న భాషలో స్క్రిప్టులు రాస్తాను. బస్సెక్కే మనుషులు, వాళ్ళ మాటలు, అలకలు నావి. ఆట నడుస్తుండగానే ఫైలు మార్చి సేవ్ కొడితే బస్సులో మనిషి మాట మారిపోతుంది. కాకపోతే బావ ఇంజిన్‌లో ఏ తలుపు తెరిస్తే ఆ తలుపులోంచే నా మనుషులు ఎక్కాలి. వాడు ఫంక్షన్ ఇవ్వని పని నా స్క్రిప్టు చచ్చినా చెయ్యలేదు. ఆవిడ అంతా విని, "అయితే ఆయన చెప్పినట్టు నువ్వు చేస్తావన్నమాట" అంది.

అసలు సంగతి. నూకాలు ఒప్పుకుంది! నేను రోజూ రుషికొండ ఆఫీసుకెళ్ళే బస్సులోనే మంగమారిపేటలో చేపల గంపతో ఎక్కుతుందని చెప్పానే, ఆవిడే. వెనక సీట్లో కూర్చుని నా ఫోన్లో ఆవిడ గొంతు రికార్డు చేశాను. ఒకసారి తిమ్మాపురం దగ్గర జోరువానలో ఎవరో కండక్టరు గంప కంపు కొడుతోందని ఆవిణ్ణి దింపేశాడట. ఆ ముక్క చెప్తూ అప్పుడు అతన్ని ఎలా బతిమాలిందో అలాగే అంది: "దించకు బాబూ, వాన పడతంది." బస్సు అద్దాలు దడదడలాడుతున్నా ఆ మాట ఎంత స్పష్టంగా వచ్చిందో! అంతా అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "నా గొంతు పెట్టుకో పాపా, ఏటీ ఇవ్వక్కర్లేదు. గానీ నన్ను సూసి ఎవులూ నవ్వకూడదు. అదొక్కటీ సూడు" అంది. మాటిచ్చాను బావా. ఈ ఆటలో ఇంకేం పోయినా ఆ మాట మాత్రం పోకూడదు.

అందుకే ఆవిడ స్క్రిప్టు ఇలా రాశాను. గంపతో నూకాలు ఎక్కగానే ఎవరో ఒకరు గొణుగుతారు. కండక్టరు ఆవిణ్ణి వెనక్కి వెళ్ళమనొచ్చు, గంపకి తనే చెయ్యి వెయ్యొచ్చు, దింపేయొచ్చు. దింపేస్తే శిక్షేమీ లేదు. కానీ అక్కణ్ణుంచి వైజాగు వచ్చేదాకా బస్సులో ఒక్కరు కూడా కండక్టరుతో మాట్లాడరు. అంతే. ఆడేవాడికి చెంపదెబ్బ తగిలినట్టుండాలి.

ఒక చిక్కొచ్చింది. నూకాలు దిగే స్టాపులో ఆవిడ వెనకున్న మనిషి తన స్టాపు కూడా అదేనని మరిచిపోయి కూర్చుండిపోతున్నాడు. నా తప్పా, నీ ఇంజిన్ తప్పా?

ఇంకో సంగతి మరిచాను. గంగాలమ్మ పండగకి వచ్చినప్పుడు అత్త నాకు నెమలికంఠం రంగు పట్టుచీర పెట్టింది. కట్టుకునేదాకా అమ్మ ఊరుకోలేదు. ఆ ఎండలో పట్టుచీర! ఫోటో తీసుకుంటున్నప్పుడు నా మొహం చూడాలి నువ్వు.

నిద్ర మానుకుని కోడు రాయకు.

మరదలు
నిఖిత

* * *

హైదరాబాదు,
25 జూన్ 2023

నిఖితా,

తప్పు నీదే, సందేహం లేదు. ప్రయాణికుల వరసని ముందు నుంచి వెనక్కి చదువుతూ మధ్యలో ఒకరిని తీసేస్తే, వెనకవాళ్ళంతా ఒక అడుగు ముందుకి జరుగుతారు. నీ స్క్రిప్టు మాత్రం తర్వాతి నంబరుకి వెళ్ళిపోతుంది. మధ్యలోవాడు మిగిలిపోతాడు. వెనక నుంచి ముందుకి చదువు, సరిపోతుంది. నా ఇంజిన్‌ని అనడానికి ముందు అద్దంలో చూసుకోవాలమ్మాయ్.

సముద్రం మీద ఎండ ఎలా పడుతోందో చూశావా నేను కట్టి పంపిన కొత్త బిల్డులో? ఎర్రమట్టి దిబ్బలు దాటగానే ఒక్కసారి నీళ్ళు మెరుస్తాయి. దాని కోసం వారమంతా ఆఫీసు నుంచి వచ్చి కూర్చున్నాను. నువ్వు దాని గురించి ఒక్క ముక్కా రాయలేదు. నూకాలు, నూకాలు, నూకాలు.

చీర సంగతి అమ్మ చెప్పింది. ఫోటో కూడా పంపింది. నీ మొహం బాగానే ఉంది, ఎండకి కందినా బాగుంది. చాలా సంతోషం వేసింది నిఖితా. నాకు మాటలు రావు, నీకు తెలుసు. ఇక మన మధ్య నీది, నాది అనేదేమీ లేదు. అంతా ఒకటే. అది మాత్రం చెప్పగలను.

ఇక్కడ దేవీప్రసాద్ గారని ఒక గేమ్ కంపెనీ నడిపే ఆయనకి మన బస్సు చూపించాను. ఫోన్లలో విడుదల చేస్తామంటున్నారు. ఎవరికీ చెప్పకు, దిష్టి తగులుతుంది.

శంకర్

* * *

భీమునిపట్నం,
9 జూలై 2023

బావా,

వెనక నుంచి చదివితే ఆ మనిషి బుద్ధిగా దిగిపోయాడు. సరే, ఒప్పుకున్నాను, తప్పు నాదే. సముద్రం కూడా బాగుంది. కళ్ళు చెదిరాయి, చాలా?

దేవీప్రసాద్ గారి మాట చదివి ఆఫీసు బాత్రూములోకి వెళ్ళి గెంతాను. అంతకన్నా నచ్చింది నువ్వు "నీది, నాది లేదు, అంతా ఒకటే" అన్న మాట. నిజం చెప్పనా, కొంచెం భయపడుతూ ఉన్నాను. ఇంజిన్ రాసేవాళ్ళకి స్క్రిప్టు రాసేవాళ్ళంటే లోకువ. మా టీములో కుర్రాళ్ళు "లువా కూడా ఒక భాషేనా" అంటారు. నువ్వు అలా అనుకోవడం లేదని తెలిసింది. ఆట మొదట్లో పేర్లు ఇలా వేయిద్దాం: ఇంజిన్, సాయిశంకర్. ప్రయాణికులు, నిఖిత. గొంతు, నూకాలు. ఎవరి పేరు ముందుండాలో నువ్వే చెప్పు, నేను తగువు పెట్టుకోను.

నేనెక్కడ సంతకం పెట్టాలో చెప్తే హైదరాబాదు వస్తాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టు దొరక్కపోతే బస్సుకైనా వస్తాను.

నూకాలుకి చెప్పాను. "నా గొంతు హైదరాబాదు ఎల్తందేటే! నాను మద్దిలపాలెం దాటి ఎల్లనేదు" అని ఒకటే నవ్వు.

నిఖిత

* * *

హైదరాబాదు,
30 జూలై 2023

నిఖితా,

ఒప్పందం అయిపోయింది. నువ్వు రానక్కర్లేదు, నీ సంతకమూ అక్కర్లేదు, అంతా నేను చూసుకున్నాను. కాగితాలంటే నీకెంత చిరాకో తెలియదా.

నీ స్క్రిప్టుల ఫోల్డరు, నూకాలు రికార్డింగులు అన్నీ, కత్తిరించనివి కూడా, ఈ వారంలో పంపించు. భాష గురించి వాళ్ళకి కొంచెం అనుమానం ఉంది. మన శ్రీకాకుళం, విజయనగరం మాట అందరికీ తెలియదంటున్నారు. ఎక్కడైనా ఒకటి అర మారుస్తారేమో. కంగారు పడకు.

పని చేసీ చేసీ ఒంట్లో సత్తువ లేదు. ఈ అధిక మాసం వెళ్ళగానే అమ్మానాన్నా మీ ఇంటికొస్తారు. మామయ్యతో మాట్లాడతారు. ఆ పైన అన్నీ కుదురుకుంటాయి.

శంకర్

* * *

భీమునిపట్నం,
21 ఆగస్టు 2023

బావా,

నిన్న అత్త, మావయ్య వచ్చారు. అరటిపళ్ళు, లడ్డూలు, పసుపు కుంకుమ. నేను తలంటుకుని తడి జుట్టుతో వస్తే అత్త నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని "మాఘంలో పెట్టీసుకుందారే అన్నియ్యా" అని మా నాన్నతో అంటోంది. ఏం పెట్టుకుంటారో నాకు అర్థం కాలేదు. నాన్న "పిల్ల చదువుకుంది, దాన్నొక మాట అడగాలి కదా కుసుమా" అన్నాడు. దానికి అత్త ఆశ్చర్యపోయి, "అడగడమేటి? పండగనాడు నాను పెట్టిన చీర కట్టుకుంది గదా! మరదలు గుంట చీర కట్టుకుందంటే ఒప్పుకున్నట్టే గదా!" అంది.

మా అమ్మకి ఆ సంగతి తెలుసు. తెలిసే కట్టుకోమంది. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మేనత్త పెట్టింది, వద్దంటే బాధపడుతుందని కట్టుకున్నాను. చెమటలు కారుతూ ఫోటో తీసుకున్నాను. ఆ ఫోటోని నువ్వు నా జవాబు అనుకున్నావు. ఒక్క మెయిల్ రాసి అడగడానికి నీకు చేతులు లేవా?

కోపంగా రాస్తున్నాను, తెలుసు. నువ్వు చెడ్డవాడివని కాదు. చిన్నప్పటి నుంచీ నిన్ను చూస్తే నాకు నవ్వొస్తుంది, చనువుగా ఉంటుంది, నీతో పని చేస్తే సంతోషంగా ఉంటుంది. పెళ్ళి చేసుకోవాలని మాత్రం ఏనాడూ అనిపించలేదు. ఈ మాట అత్తకి నిన్ననే చెప్పాను. లడ్డూలు ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. నాన్న రాత్రి అన్నం తినలేదు.

ఆట సంగతి వేరు. అది ఎప్పటిలాగే చేద్దాం. కానీ నీ జూన్ ఉత్తరం మళ్ళీ చదివాను. "నీది, నాది లేదు" అన్నది ఆట గురించి కాదు కదా? మరి ఒప్పందంలో ఏం రాశావు? కాగితం పంపించు.

నిఖిత

* * *

హైదరాబాదు,
3 సెప్టెంబరు 2023

నిఖితా,

అమ్మ మూడు రోజులు మంచం దిగలేదు. అన్నగారింటికి వెళ్ళి అవమానపడి వచ్చానని దువ్వాడలో వీధి వీధంతా చెప్పుకుంటోంది. నీకు ఇష్టం లేకపోతే చీర ఆరోజే వద్దనవలసింది. నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? మన ఇళ్ళలో పుట్టి పెరిగావు.

కాగితం అడిగావు. చెప్తాను. ఇంజిన్, స్క్రిప్టులు, గొంతులు అన్నీ నేను చేసినవేనని, బయటివాళ్ళ పని ఇందులో ఏమీ లేదని రాసి సంతకం పెట్టాను. అన్నీ వాళ్ళకి ఇచ్చేశాను. మోసం అనకు. బయటివాళ్ళు లేరని ఎందుకు రాశానంటే, లేరు కాబట్టి. నువ్వు నాకు బయటి మనిషివని జూలైలో నాకెలా తెలుస్తుంది? పెళ్ళాం వండిన కూరకి హోటల్లోలాగా పేరు రాసి పెడతామా?

ఇంకొకటి కూడా ఉన్నదున్నట్టు చెప్తున్నాను. ఇంజిన్ రాయడానికి నా కళ్ళు పోయాయి. నీవి స్క్రిప్టులు. ఎవరైనా తెరిచి చదువుకోగలిగే ఫైళ్ళు. నా ఇంజిన్ లేకపోతే వాటిని నోట్‌ప్యాడ్‌లో తెరిచి కథలు చదువుకున్నట్టు చదువుకోవాలి.

శంకర్

* * *

భీమునిపట్నం,
4 సెప్టెంబరు 2023

శంకర్ బావా,

నా మనుషులు లేకపోతే నీ ఖాళీ బస్సు సముద్రం పక్కన ఊరికే తిరుగుతుంది. అది కూడా ఎవరూ చూడరు.

పేరు వద్దు. ఉంచుకో. నేను నూకాలుకి ఇచ్చిన మాట మాత్రం నీకు తెలుసు, జూన్లోనే రాశాను. ఆవిణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు. అదొక్కటి కాపాడు. ఇంకేమీ అడగను.

నిఖిత

* * *

భీమునిపట్నం,
10 డిసెంబరు 2023

బావా,

నీకు రాయకూడదనుకున్నాను. తుఫాను వానలు తగ్గి మొన్న బస్సెక్కితే వెనక సీట్లో కాలేజీ పిల్లలు ఒకటే గోల. ఫోన్లో మన ఆట. అదే బస్సు, అదే సముద్రం. నేను సంతోషంతో లేవబోయాను, నిజంగా. ఇంతలో మంగమారిపేట వచ్చింది. ఫోన్లోనూ వచ్చింది, బయటా వచ్చింది.

ఫోన్లో నూకాలు ఎక్కగానే బస్సులో అందరూ ముక్కులు మూసుకుంటున్నారు. ఏదో బూర ఊదినట్టు వెకిలి చప్పుడు. ఎంత తొందరగా దింపేస్తే ఆడేవాడికి అన్ని పాయింట్లు. తలుపులోంచి తోసేయగానే ఆవిడ గొంతు వస్తుంది: "దించకు బాబూ, వాన పడతంది." ఆ మాటకి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకడు మళ్ళీ మళ్ళీ తోస్తున్నాడు, ఆ మాట కోసమే.

అసలు నూకాలు అప్పుడే బస్సెక్కి, గంప దించుకుని నిలబడి ఉంది.

తన గొంతు తనకి తెలియదా? మొదట చుట్టూ చూసింది, ఎవరు పిలిచారా అని. తరవాత ఫోను చూసింది. తరవాత నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. గంప ఎత్తుకుని, బస్సు కదలకముందే దిగిపోయింది. నేను వెనకే దిగాను. రోడ్డు పక్కన నిలబడి, నా మొహం చూడకుండా ఒకటే మాట అంది: "నా గొంతు నాకిచ్చీ పాపా."

అప్పట్నుంచీ ఆవిడ ఆ బస్సు ఎక్కడం లేదు. ఆటోలో వెళ్తోందట. రాత్రి పడుకుంటే ఆ మాటే చెవుల్లో. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను బావా. ఆవిడ బతుకులో అన్నిటికన్నా కష్టమైన రోజు నాకు నమ్మి చెప్పింది, నేను తీసుకెళ్ళి అంగట్లో పెట్టించాను.

స్క్రిప్టు మార్చడం ఎంతసేపు పని? నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ గొంతు తీయించు. బతిమాలుతున్నాను.

నిఖిత

* * *

హైదరాబాదు,
16 డిసెంబరు 2023

నిఖితా,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. నాకేమీ తెలియదు, అమ్మ తోడు. ఆ స్క్రిప్టు మార్చింది దేవీప్రసాద్ గారు కొత్తగా తీసుకున్న కుర్రాడు. టెక్స్టు ఫైలు కదా, ఎవరైనా తెరిచి మార్చేస్తారు, నన్ను అడగరు. నా పని ఇంజిన్ వరకే.

తీయించమని అడగగలను. కానీ ఏమని అడగను? ఆ గొంతు ఎవరిది, ఎవరు అభ్యంతరం చెప్తున్నారు అంటారు. మా మరదలు రాసింది, ఆమె రికార్డు చేసింది అంటే, మరి బయటివాళ్ళ పని లేదని సంతకం ఎందుకు పెట్టావంటారు. అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. అదే నువ్వు నాకు కాబోయే భార్యవైతే అందులో అబద్ధమేమీ లేదు. ఇంట్లో మనిషి చేసింది, ఇంట్లో మనిషి బాధపడుతోంది, మార్చండి అని దర్జాగా అడుగుతాను. ఆయన పెద్దమనిషి, కాదనడు.

నిన్ను ఇరికించడానికి అనడం లేదు. ఉన్న దారి అదొక్కటే అని చెప్తున్నాను. మాఘానికి ఇంకా టైముంది. అమ్మ కోపం కూడా నీ ఒక్క మాటతో పోతుంది. ఆలోచించు.

శంకర్

* * *

భీమునిపట్నం,
17 డిసెంబరు 2023

బావా,

ఆలోచించాను. ఆలోచించే ముందు ఆట డౌన్‌లోడ్ చేసి, ఫోల్డరు తెరిచి, నూకాలు ఫైలు చదివాను. ఎవరైనా తెరిచి చదువుకోగలిగే ఫైలే కదా.

అందులో ఆవిణ్ణి తోసేయగానే పాయింట్లు వేసే ఫంక్షన్ ఒకటి పిలుస్తున్నారు. ముక్కులు మూసుకోవడానికి ఇంకొకటి. బావా, మన ఇంజిన్‌లో పాయింట్లు లేవు. వద్దని నేనే అడిగాను, నువ్వు నవ్వి సరేనన్నావు. ముక్కు మీదికి చెయ్యి వెళ్ళే కదలికా లేదు. ఇంజిన్‌లో లేని ఫంక్షన్‌ని స్క్రిప్టు ఎంత పిలిచినా ఎవరూ పలకరు. ఆ కొత్త కుర్రాడు తలకిందులుగా తపస్సు చేసినా సరే. ఆ రెండూ సి++లో రాసి, కంపైల్ చేసి ఇవ్వగలిగినవాడివి నువ్వొక్కడివే.

ముక్కు ఎలా మూసుకోవాలో, వేళ్ళు ఎలా దగ్గరికి రావాలో కూర్చుని రాశావు. సముద్రం మీద ఎండ రాసినంత శ్రద్ధగా రాశావు. ఎవరిని చూసి ముక్కు మూసుకుంటారో తెలిసే రాశావు. పైగా అమ్మ తోడు అన్నావు. ఆ అమ్మ నాకు మేనత్త.

నీకు బయటి మనిషినని దేవీప్రసాద్ గారికి ఇప్పుడే రాశాను. ప్రయాణికుల స్క్రిప్టులు నావని, గొంతు నూకాలుదని, ఇలా వాడడానికి ఆవిడ ఒప్పుకోలేదని రాశాను. నీకు నేను ముందే పంపిన ఫైళ్ళు, తారీఖులతో సహా జతచేశాను. నీకు తెలియకుండా చెయ్యడం ఇష్టం లేక చెప్తున్నాను.

నిఖిత

* * *

హైదరాబాదు,
21 జనవరి 2024

నిఖితా,

నీకు తృప్తి కలిగే కబురు. వాళ్ళ లాయరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి నేను సంతకం పెట్టిన ఆ కాగితాన్ని నా చేతే పైకి చదివించాడు. ప్రయాణికుల ఫోల్డరు మొత్తం తీసేశారు. నీవి తిరిగి పెట్టమని అడిగాను, నమ్మితే నమ్ము. "తగువున్న సరుకు మనకెందుకండీ" అన్నారు దేవీప్రసాద్ గారు. నన్ను పంపించేశారు. ఇంజిన్ మాత్రం ఒప్పందం ప్రకారం వాళ్ళదే. నేను రాసిన కోడు, నేను తెరవడానికి నాకు హక్కు లేదు. నిన్న పాత లాప్‌టాప్‌లోంచి కూడా చెరిపేసి, చెరిపానని రాసిచ్చాను.

అవును, ఆ ఫంక్షన్లు నేనే రాశాను. పాయింట్లు లేకపోతే ఎవడూ ఆడడన్నారు. అప్పటికి నువ్వు కాదన్నావు, అమ్మ మంచం మీద ఉంది, నీ మీద మండిపోతూ ఉన్నాను. నీ నూకాలు మీద ఆ కసి తీర్చుకున్నాను. నాకే అసహ్యంగా ఉంది, కానీ రాశాను.

అమ్మ మీ నాన్న పేరెత్తనివ్వడం లేదు. ఇంట్లో అందరూ నాదే తప్పంటారు, లేదా నీదే అంటారు. ఎవరికీ అసలు ఏం జరిగిందో అర్థం కాదు. అది అర్థమయ్యేది నీకొక్కదానికే, అందుకే నీకే రాస్తున్నాను.

ఇంకో ఇంజిన్ రాస్తాను. ఈసారి నీ పేరు ముందు. పెళ్ళి మాట ఎత్తను. నువ్వు స్క్రిప్టులు రాస్తావా?

శంకర్

* * *

భీమునిపట్నం,
4 ఫిబ్రవరి 2024

శంకర్,

రాయను.

తృప్తి అన్నావు. నా మీద నీకున్న అభిప్రాయం అదన్నమాట. నా స్క్రిప్టులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి. నడపడానికి ఇంజిన్ లేదు. నువ్వు సెప్టెంబరులో రాసినట్టే కూర్చుని కథలు చదువుకున్నట్టు చదువుకుంటున్నాను. నువ్వు నిజమే రాశావు, అందుకే అప్పుడంత మండింది.

నీ మీద కోపం పోలేదు. ఒప్పుకున్నావు కాబట్టి పోవాలని నాన్న అంటున్నాడు. ఆయనకి చెల్లెలు కావాలి, పాపం. రోజూ సాయంత్రం ఫోను చేతిలో పట్టుకుని దువ్వాడకి చేయాలా వద్దా అని చూసి పక్కన పెట్టేస్తాడు. అయినా నీ కోసం నేను చేయగలిగిందేమీ లేదు. చీర కట్టుకున్నందుకు పెళ్ళానివన్నావు, కాదన్నందుకు పగదాన్ని చేసుకున్నావు. మధ్యలో నేను నీతో కలిసి పని చేసిన మనిషినన్న సంగతి నీకు ఒక్క రోజు కూడా తోచలేదు.

మొన్న కొత్త అప్‌డేట్ వచ్చింది. ఆడాను. భీమిలిలో బస్సు బయల్దేరింది. నీ ఎండ బాగానే మెరుస్తోంది. మంగమారిపేటలో ఆగింది, తలుపు తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. తిమ్మాపురంలోనూ అంతే.

ఆ ఫోను పట్టుకుని ఉదయమే మంగమారిపేటలో దిగి నూకాలు కోసం నిలబడ్డాను. ఆటో కోసం వచ్చింది. నన్ను చూసి మొహం తిప్పుకోబోతే, "ఒక్కసారి చూడు నూకాలమ్మా" అని చేతిలో పెట్టాను. గంప కింద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుని, ఫోను చెవికి ఆనించుకుంది. బస్సు చప్పుడు, సముద్రం చప్పుడు. అంతే. చాలాసేపు అలాగే విన్నది.

"ఇందులో నాను లేను గదా?" అని అడిగింది.

"లేవు."

"మల్లీ ఎవులూ పెట్టరు గదా నన్ను?"

"పెట్టరు. తీసేశారు."

అమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. తరవాత బొమ్మ కేసి చూసింది. ఖాళీ సీట్లు, వాటి మీద ఎండ.

"నువ్వే గదా సేసినావీ ఆట. మరి నువ్వెక్కడున్నావు పాపా?"

"నేనూ లేను" అన్నాను.

ఆవిడ ఫోను నా చేతిలో పెట్టేసి, గంప ఎత్తమని సైగ చేసింది. ఎత్తాను. ఆటో వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "మరెందుకే అది, తీసీ" అంది.

అక్కడే, రోడ్డు మీదే ఆటని ఫోన్లోంచి తీసేశాను.

నిఖిత